బాలమ్మ తల ఊపింది

బెంగళూరు మారతహళ్ళి వెనక సందుల్లో ఉన్న ఆ చిన్న స్కూల్లో, వ్యాన్ ఆయాగా బాలమ్మ పనికి చేరి మూడేళ్ళయింది. ఉదయం ఏడున్నరకు పసుపు వ్యాన్ బయలుదేరి, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ఆగుతూ ఆగుతూ, పందొమ్మిది మంది పిల్లల్ని ఎక్కించుకుని ఎనిమిది నలభైకి స్కూలు చేరేది. పిల్లలందరూ దిగాక ఆయా చివరి సీటు దాకా నడవాలి. ప్రతి సీటు కిందా వంగి చూడాలి. ఆ తర్వాతే కిందకు దిగి "ఖాళీ" అనాలి. ఆ మాట విన్నాక డ్రైవరు దేవరాజ్ తలుపు లాగి తాళం వేసి, వ్యాన్‌ను పక్కనున్న ఖాళీ సైటులో నిలబెట్టేవాడు.

మూడేళ్ళలో బాలమ్మ ఒక్కరోజు కూడా ఆ నడక మానలేదు. మానింది మార్చి నెలలో ఒక మంగళవారం.

ఆ రోజు పిల్లలు దిగుతుండగా ఫోన్ మోగింది. భర్త సుంకన్న. బిల్డింగులకు పెయింట్ వేసే పని అతనిది, ఆ రోజు పని లేక ఇంట్లో ఉన్నాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషి వాకిట్లో నిలబడ్డాడు, బుక్కు ఎక్కడ పెట్టావని అడిగాడు. బియ్యం డబ్బా వెనక చూడమంది. లేదన్నాడు. అలమారా పైన చూడమంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, తలుపు దగ్గర్నుంచే లోపలికి చూసింది. సీట్ల పైన ఒక్క తల కూడా కనబడలేదు. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే "ఖాళీ అన్నా" అంది.

చైతు చివరి సీటు మూలలో, కిందకు జారి నిద్రపోతోంది. నాలుగేళ్ళ పిల్ల. అసలు పేరు చైత్ర. వ్యాన్ ఎక్కడం మొదలుపెట్టి రెండు వారాలే అయింది. తల్లి రంజిత రింగ్ రోడ్డు మీది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది, తండ్రికి పుణెలో ఉద్యోగం.

పిల్ల స్కూలుకు రాలేదని మెసేజ్ వచ్చిందేమని రంజిత ఫోన్ చేసేసరికి పదకొండు ముప్పావు. ఎక్కించింది నిజమే, ఆయాకే పిల్ల చేయి అందించాను అని ఆమె అరుస్తోంది. ఆ మాట చెవిన పడగానే బాలమ్మకు తను చివరి సీటు దాకా నడవలేదని గుర్తొచ్చింది. ఆమె నోరు తెరిచేలోపలే దేవరాజ్ తాళంచెవి పట్టుకుని సైటు వైపు పరిగెత్తాడు. తలుపు తెరవగానే లోపలి వేడి ముఖానికి కొట్టింది. ఒక నిమిషంలో బయటికొచ్చాడు, భుజం మీద పిల్ల. పిల్ల జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. చేతులు అతని వీపు మీద వేలాడుతున్నాయి. ఆటో కోసం ఆగకుండా, పిల్లను ఎత్తుకునే మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తాడు దేవరాజ్. బాలమ్మ వెనక పరిగెత్తాలనుకుంది. అక్కడే నిలబడిపోయింది.

సాయంత్రం నాలుగింటికి స్కూలు ఆఫీసు గదిలో ఎస్సై కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. పిల్ల ఐసీయూలో ఉంది, స్పృహ రాలేదు. బయట గేటు దగ్గర తల్లిదండ్రులు గుంపు కట్టారు. "ఎవరు? ఎవరు చూడలేదు?" అన్న అరుపులు కిటికీలోంచి వినబడుతున్నాయి. బాలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఆ గుంపు లోపలికొస్తే తనను ఏం చేస్తుందో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది.

వ్యాన్ స్కూలుది కాదు, బయటి నుంచి కిరాయికి పెట్టుకున్నది. డ్రైవరు కూడా బయటివాడే, ఆయా మాత్రం స్కూలు మనిషి. స్కూలు మేనేజరు ఎస్సైకి కన్నడంలో ఏదో వివరంగా చెప్పి, బాలమ్మ వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"నువ్వు చెక్ చేస్తానంటే, లేటవుతోంది, నేనే చూసుకుంటాను నువ్వు పో అని డ్రైవరే పంపేశాడు. అంతేగా బాలమ్మా?"

ఎదురు గోడ దగ్గర దేవరాజ్ ఉన్నాడు. పిల్లను మోసిన భుజం మీద చొక్కా ఇంకా తడిగానే ఉంది. అతను బాలమ్మ వైపు చూశాడు. కోపంగా కాదు. ఇప్పుడు ఈమె కాదు సార్ అంటుంది కదా అని ఎదురుచూస్తున్నట్టు చూశాడు.

బాలమ్మ తల ఊపింది.

"ఏమక్కా, ఖాళీ అంటివి కదా నువ్వు?" అన్నాడు దేవరాజ్. "చెప్పక్కా సార్‌కు. ఖాళీ అంటివి, నేను తాళమేస్తి."

బాలమ్మ నేల వైపు చూసింది. కానిస్టేబుల్ కాగితం ముందుకు తోశాడు. కన్నడంలో రాసి ఉంది. చూపించిన చోట సంతకం పెట్టింది.

* * *

ఇంటికొచ్చి భర్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. సుంకన్న లేచి వాకిలి తలుపు దగ్గరగా వేశాడు.

"ఈ మాట ఇంగెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనాకు. మన భారతి పదో తరగతి పరీక్షలు రాస్తాంది. నువ్వు జైలుకు పోతే ఆ పిల్ల గతేమి? దేవరాజ్‌కు ఈ పక్కనే ఊరుంది, అన్నదమ్ములుండారు, ఎట్లనో ఇడిపించుకుంటారు. మనకెవరుండారు ఈ ఊర్లో?"

మనకు దేవుడున్నాడు కదా అనబోయి బాలమ్మ నోరు మూసుకుంది.

తొమ్మిదేళ్ళ కిందట పత్తికొండ దగ్గరి పల్లె నుంచి బెంగళూరుకు వచ్చిన కొత్తలో బాలమ్మకు రెండో కాన్పులో బిడ్డ పుట్టి చనిపోయాడు. పక్క వీధి ప్రార్థన మందిరం నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. వారం రోజులు అన్నం వండారు, బట్టలు ఉతికారు, భారతికి జడలు వేశారు. దేవుడి మాటే ఎత్తలేదు. ఎనిమిదో రోజు బాలమ్మే అడిగింది, మీరు ఎవరికి మొక్కుతారని. అప్పటి నుంచి ఆమె ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానలేదు. ఏ కష్టమొచ్చినా కళ్ళు మూసుకుని "యేసయ్యా, నన్ను నీ చాటున దాచుకో" అనడం అలవాటయింది. అంటే మనసు కుదుటపడేది.

ఇప్పుడు ఆ మాట అంటే కుదుటపడటం లేదు. బుధవారం దేవరాజ్‌ను జైలుకు పంపారని తెలిసింది. స్కూలుకు సెలవులిచ్చారు. బాలమ్మ ఇంట్లోనే ఉంది. సందులో బైకు ఆగితే ఉలిక్కిపడేది. ఫోన్ మోగితే చేత్తో తాకడానికే భయం. పరీక్షకు చదువుకుంటున్న భారతి తలెత్తి "ఏమ్మా అట్ల చూస్తాండావు?" అంటే, పిల్లకు ఏదో తెలిసిపోయిందనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. 

అన్నిటికన్నా ఎక్కువ భయపడింది గురువారం మధ్యాహ్నం. మోకరించి చైతు కోసం ప్రార్థన చేస్తోంది. బిడ్డ కళ్ళు తెరవాలి ప్రభువా, బిడ్డ బతకాలి, ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. పెదవులు ఆపకుండా కదులుతున్నాయి. ఆ కదలికలోనే ఇంకో మాట వచ్చేసింది: బిడ్డకు ఏమీ గుర్తుండకూడదు. ఆంటీ తలుపు దగ్గర్నుంచే చూసి పోయింది అని ఆ నోట రాకూడదు.

బాలమ్మ చప్పున కళ్ళు తెరిచింది. గదిలో ఎవరూ లేరు. అయినా ఎవరో ఆ మాట విన్నారన్న భయం పట్టుకుంది. ఆ పిల్ల ఊపిరి కోసం పోరాడుతుంటే తను అడుగుతున్నదేమిటి? తొమ్మిదేళ్ళుగా తనను దాచమని దేవుణ్ణి అడిగింది. ఇప్పుడు తన అబద్ధాన్ని దాచమని అడుగుతోంది. ఆ పని దేవుడు చేస్తే ఆయన దేవుడు కాదు. చేయకపోతే తను ఏమైపోతుంది? ఆ రెండు ఆలోచనల మధ్య చాలాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు ప్రార్థన చేయలేదు. మోకరిస్తే నోట్లోంచి ఏమొస్తుందో అని భయపడింది.

శుక్రవారం సాయంత్రం చైతు కళ్ళు తెరిచింది. స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది. బాలమ్మ గోడ పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, పిల్ల ఏమైనా మాట్లాడిందా అని మెసేజ్‌ను మళ్ళీ మొదటి నుంచి చదివింది.

* * *

ప్రార్థన మందిరం టైర్ల షాపు మీద రెండో అంతస్తులో ఉంది. ఆదివారం అరవై మంది దాకా వచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు నిలబడ్డారు.

"మన బాలమ్మ పనిచేసే స్కూల్లో ఎంత ఘోరం జరగబోయిందో మీ అందరికీ తెలుసు. మీరు ఉపవాసముండి ప్రార్థించారు. బిడ్డ కళ్ళు తెరిచింది. అమ్మా బాలమ్మా, వచ్చి సాక్ష్యం చెప్పు."

ఆమె తలెత్తలేదు. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచింది. బాలమ్మ లేచి ముందుకు నడిచింది. మైకు చేతిలో పెట్టారు.

"దేవుడు పాపను బతికించినాడు," అంది. ఆగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి. "నా మీదికి ఏ నిందా రాకుండా నన్ను కాపాడినాడు."

"స్తోత్రం!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఆమె చేయి వణకడం చూసి ఎవరో "హల్లెలూయ" అన్నారు. బాలమ్మ మైకు ఇచ్చేసి తన చోటికి వచ్చి కూర్చుంది.  పోలీసుల ముందు తల ఊపి సంతకం పెట్టింది, అంతే. అక్కడ భయంలో జరిగిందని సర్దుకోవడానికి కొంచెమైనా చోటుంది. ఇక్కడ ఎవరూ బెదిరించలేదు. నోరు తెరిచి, దేవుడి పేరు పెట్టి చెప్పింది. తనను ఆదుకున్న మనుషుల ముఖాల్లోకి చూస్తూ చెప్పింది.

ఆరాధన ముగియకముందే మెట్లు దిగింది. కింద టైర్ల పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. నలిగిన చీర, ఎర్రబడ్డ కళ్ళు.

"అక్కా, నేను నేత్రావతిని. దేవరాజ్ పెండ్లాన్ని."

బాలమ్మకు పారిపోవాలనిపించింది. రైలింగ్ పట్టుకుంది.

"నీకోసరమే వస్తి అక్కా. ఆదివారం ఈడ ఉంటావని ఆయన చెప్తా ఉండె. వ్యాన్ గాడిలో పిల్లోళ్ళకు జరమొచ్చి మై కాలితే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తావంట కదా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దొడ్డబళ్ళాపురంలో మా అత్తమ్మ ముడుపు కట్టె. నేను మునేశ్వరునికి మొక్కుకుంటి. ఇంక నీ దేవుని దగ్గరికి వచ్చినా. నిన్న జైల్లో చూసి వస్తి. అక్క ఖాళీ అనింది, అక్క ఖాళీ అనింది అని అదే మాట అంటా ఉండాడు. ఆ యక్క అట్ల అబద్ధం చెప్పే మనిషి కాదప్పా, నువ్వే మరిచింటావని నేనే కసురుకుంటి. తప్పు ఎవరిదైనా కానీ అక్కా. నిజం బయటికి వస్తే చాలు. అట్ల ప్రార్థన చెయ్యి."

అని, అక్కడే, టైర్ల మధ్య, తల వంచి నిలబడింది.

బాలమ్మ చేయి ఎత్తి ఆమె తల మీద పెట్టింది. ఏం చేస్తోందో తనకే తెలియదు. ఎండకు ఆ తల వేడిగా ఉంది. "యేసయ్యా," అంది. మళ్ళీ "యేసయ్యా," అంది. ఆ తర్వాత మాట రాలేదు. నిజం బయటికి రావాలని అడగాలి. అడిగితే ఆ నిజం బయటికి రావలసిన చోటు తన నోరే. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడుతోంది, ఆరాధన అయిపోయి జనం దిగుతున్నారు.

"నేనీ ప్రార్థన చెయ్యలేనమ్మా."

"యాల అక్కా? ఎందుకు చెయ్యలేవు?"

"నేను చూడలేదు." గొంతు తనది కానట్టు వినబడింది. "లోపలికి పోలేదు. ఫోన్‌లో మాట్లాడుకుంటా ఖాళీ అన్నా. మీ ఆయన నన్ను పొమ్మనలేదు. నేనే... పోలీసులకు అబద్ధం చెప్పినా."

నేత్రావతి తల మీది చేతిని విదిలించి వెనక్కి జరిగింది. కొడుతుందేమో అనుకుంది బాలమ్మ. కొడితే బాగుండుననుకుంది. నేత్రావతి కొట్టలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే చూసింది.

"ఐదు దినాలైంది అక్కా," అంది చివరకు. "మా పాప నాన్న యాడ అంటే, గాడి తీసుకుని దూరం పోయినాడని చెప్తా ఉండా."

నేత్రావతి ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు వైపు లాగింది.

"నడువు. టేషన్‌కి పోదాం."

"ఇప్పుడా? ఇంట్లో ఒక మాట చెప్పి..."

"ఇప్పుడే. రేపటికి నీకు మళ్ళా భయమైతాది."

* * *

ఆటోలో కూర్చున్నాక సుంకన్నకు ఫోన్ చేసింది. "నేను స్టేషన్‌కు పోతాండా. పోయి నిజం చెప్తా" అని, అతను ఏదో అనేలోపు పెట్టేసింది. ఆ తర్వాత ఫోన్ మోగుతూనే ఉంది. సంచిలో పెట్టింది. దారంతా సంచి వణుకుతూనే ఉంది.  ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నేత్రావతి బాలమ్మ మణికట్టు పట్టుకునేది, దిగి పారిపోతుందేమోనని.

ఎస్సై లేడు. వచ్చేదాకా కూర్చోమన్నారు. వరండాలో చెక్క బెంచీ ఉంది. లోపల ఎవరో ఎవరినో గట్టిగా తిడుతున్నారు. ఆ అరుపు వచ్చినప్పుడల్లా బాలమ్మ గేటు వైపు చూసేది. ఒంటికి వెళ్ళాలి. అడగడానికి భయం. గంట గడిచింది. లోపలేస్తే ఆడవాళ్ళను ఎక్కడ ఉంచుతారో, కొడతారో లేదో, రేపు భారతి సైన్సు పరీక్షకు ఎవరు లేపుతారో, ఒక ఆలోచన వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి.

నీళ్ళు తెస్తానని నేత్రావతి లేచింది. గేటు దాటే ముందు వెనక్కి తిరిగి చూసింది. ఏమనుకుందో, మళ్ళీ ముందుకు నడిచింది.

బాలమ్మ ఒక్కతే మిగిలింది. గేటు తెరిచే ఉంది. రోడ్డు మీద బస్సు ఆగింది. లేచి పది అడుగులు వేస్తే చాలు. ఆమె మాట విన్నది ఒక్క నేత్రావతే. కాదంటే నమ్మేవాళ్ళు ఎక్కువమందే ఉంటారు. ఆ లెక్క తన బుర్ర అంత త్వరగా వేసినందుకు ఆమెకు తన మీద తనకే భయమేసింది. బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుంది.

"యేసయ్యా," అంది లోపల్లోపల. "దాచమని అడగను. నా పక్కన కూర్చో. అంతే."

ఏ వెలుగూ కనబడలేదు. ధైర్యం కూడా రాలేదు. బస్సు వెళ్ళిపోయింది. బాలమ్మ కూర్చునే ఉంది.

ఎస్సై వచ్చాక అంతా విని బల్ల మీద చరిచాడు. ఆంధ్ర సరిహద్దులోని బాగేపల్లి వైపు నుంచి వచ్చిన మహిళా కానిస్టేబుల్ ఒకామె తెలుగులో అడుగుతూ రాసుకుంది. మొదటి అక్షరం రాయబోయే ముందు ఆమె గొంతు తగ్గించి అంది.

"తెలిసే చెప్తా ఉండావా? ఇది రాసినంక చింపేకి కాదు."

"తెలిసే చెప్తాండా మేడమ్."

"అప్పుడే ఎందుకు చెప్పలేదంట?" ఎస్సై అడిగిన మాటను ఆమె తెలుగు చేసింది.

"భయమైంది మేడమ్."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది మేడమ్."

కానిస్టేబుల్ అది కూడా రాసిందో లేదో బాలమ్మకు తెలియదు. కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించమని అడిగింది. వినిపించాక సంతకం పెట్టింది.

సాయంత్రానికి సుంకన్న, పాస్టరుగారు వచ్చారు. నిర్లక్ష్యం కింద కేసు రాసి, ఇద్దరి జామీను మీద ఇంటికి పంపారు. పిలిచినప్పుడు రావాలన్నారు. సుంకన్న ముఖం తిప్పుకునే సంతకం పెట్టాడు. పాస్టరుగారు బయటికొచ్చాక, "ఉదయం నేను నిన్ను లేపి నిలబెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. "లేదయ్యా, నేను నోరు తెరవకుండా ఉండాల్సింది" అంది బాలమ్మ.

దేవరాజ్ తర్వాతి బుధవారం బెయిలు మీద బయటికొచ్చాడు. స్కూలు వాళ్ళు అతన్ని మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు దొడ్డబళ్ళాపురం నుంచి చిక్కపేటకు చీరల మూటలు తోలే టెంపో నడుపుతున్నాడు. బాలమ్మ పని ఎలాగూ పోయింది. ఒక పీజీ హాస్టల్ వంటింట్లో కూరగాయలు తరగడానికి కుదిరింది. ఆ మరుసటి ఆదివారం మందిరంలో మళ్ళీ లేచి నిలబడి, పోయిన వారం చెప్పింది అబద్ధమని చెప్పింది. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. కొందరు ఆమెతో మాట్లాడటం మానేశారు. పాత రోజుల్లో అన్నం వండి పెట్టిన ముగ్గురిలో ఒకావిడ మాత్రం వచ్చి పక్కన కూర్చుంది.

* * *

నెల తర్వాత రంజిత ఫోన్ చేసింది.

"మీరొకసారి ఇంటికి రావాలి" అంది. ఇంకేమీ చెప్పలేదు.

వెళ్ళొద్దన్నాడు సుంకన్న. అరుస్తుంది, నలుగుర్ని పిలుస్తుంది, వీడియో తీసి పెడుతుందన్నాడు. బాలమ్మకూ అదే అనిపించింది. పోలీసుల ముందుకు వెళ్ళిన రోజు కన్నా ఆ అపార్ట్‌మెంట్ మెట్లెక్కిన రోజే ఆమె ఎక్కువ భయపడింది.

రంజిత తలుపు తీసి సోఫా చూపించింది. బాలమ్మ అంచు మీద కూర్చుంది. లోపలి గదిలో టీవీలో బొమ్మలు మాట్లాడుతున్నాయి.

"చైతు ఎలా ఉందని అడగరా?"

"అడిగే ముఖం లేదమ్మా నాకు."

"ఫిజికల్‌గా ఓకే. డాక్టర్స్ ఇంకా సిక్స్ మంత్స్ అబ్జర్వ్ చేయాలన్నారు. తలుపు వేస్తే ఏడుస్తుంది. బాత్రూమ్ డోర్ కూడా వేయనివ్వదు." రంజిత ఎదురుగా కూర్చుంది. ఆమె గోళ్ళు కొరికి కొరికి అరిగిపోయి ఉన్నాయి. "ఒకటి అడగాలి మిమ్మల్ని. ఎందుకు చెప్పారు? చైతుకి ఆ రోజు ఏమీ గుర్తులేదు. డ్రైవర్ మీద కేసు ఫైనల్ అయ్యేది. మీరు చెప్పకపోతే ఎవ్వరికీ తెలిసేది కాదు."

"తెలిసేది కాదమ్మా. అదే భయమైంది నాకు."

రంజిత లోపలి గది వైపు ఒకసారి చూసింది.

"ఆబ్సెంట్ మెసేజ్ నాకు టెన్ థర్టీకి వచ్చింది," అంది.

బాలమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"నేను మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ టేబుల్ మీదే ఉంది. స్క్రీన్ వెలిగింది, స్కూల్ పేరు చూశాను. ఫీజు గురించి ఏదో అయ్యుంటుందనుకుని ఫోన్ తిరగేసి పెట్టాను. ఓపెన్ చేసింది పదకొండు ముప్పావుకి. గంటా పావు." ఆమె గోరు కొరకబోయి ఆపింది. "పోలీసులకి మీటింగ్ అయ్యాకే చూశానని చెప్పాను. మా ఆయనకీ అదే చెప్పాను. అందరూ నన్ను చూసి పాపం తల్లి అంటారు. అనగానే నాకు ఊపిరి ఆడదు. మీరు స్టేషన్‌కి వెళ్ళారని విన్నప్పటి నుంచి మీ మీద కోపం కన్నా... మీరంటే భయంగా ఉంది."

బాలమ్మ లేచి ఆమె దగ్గరకు పోవాలనుకుంది. పోలేదు. ఆ హక్కు తనకు లేదనిపించింది.

"పాపను వ్యాన్‌లో వదిలేసింది నేనమ్మా, నువ్వు కాదు."

"అది తెలుసు. అయినా గంటా పావు నాదే."

"అవునమ్మా," అంది బాలమ్మ. కాదని ఓదార్చే మాట నోటి దాకా వచ్చింది. అది అబద్ధమవుతుందని ఆగింది. "మీ సార్‌కు చెప్పు."

"ఆయన నన్ను క్షమించకపోతే?"

"క్షమించకపోవచ్చు. దేవరాజ్ నన్ను క్షమించలేదు. నేత్రావతి ఫోన్ ఎత్తదు. మా ఇంటాయన మాట్లాడేది తక్కువైపాయ. దేవుడు క్షమించినాడని నమ్ముతాండా. అయినా రోజూ పొద్దున లేస్తూనే ఆ పాప చేతులే కనబడతాయి. కాకపోతే ఇప్పుడు మోకరిస్తే ఏమొస్తాదో అని నా నోటికి నేను భయపడేది లేదమ్మా."

లోపల్నుంచి చైతు వచ్చింది. చేతిలో బిస్కెట్టు. బాలమ్మను చూసి ఆగిపోయి, తల్లి వెనక్కి వెళ్ళి, కుర్తా పట్టుకుని ఒక కన్నుతో చూసింది. బాలమ్మ చేయి చాచలేదు. పిల్ల ముఖంలో రంగు ఉంది, బుగ్గలు నిండుగా ఉన్నాయి, నోటి చుట్టూ బిస్కెట్టు పొడి ఉంది. అంత మాత్రం చూసి లేచింది.

"మళ్ళీ రావద్దు మీరు," అంది రంజిత, తలుపు దాకా వచ్చి. కఠినంగా లేదు ఆ గొంతు. "నాకు చూడటం కష్టం."

"రానమ్మా."

కోర్టులో మొదటి వాయిదా జూన్‌లో పడింది. ఆ ఉదయం బాలమ్మ పెందలాడే బయలుదేరింది. బస్సులో సుంకన్న పక్కన కూర్చున్నాడు. రానని రాత్రి దాకా అన్నవాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు. కోర్టు వరండా జనంతో కిక్కిరిసి ఉంది. అవతలి చివర రంజిత కనబడింది. పక్కన ఒక పొడుగాటి మనిషి, చైతు తండ్రే అయ్యుంటాడు. ఇద్దరి మధ్య ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది, ఇద్దరి కళ్ళూ ఏడ్చి వాచి ఉన్నాయి. రంజిత తలెత్తి బాలమ్మను చూసింది. ఒక్క క్షణం చూసి, తల దించుకుని, చేయి జరిపి భర్త చేతి మీద పెట్టింది. అతను చేయి తీసేయలేదు.

లోపల్నుంచి ఎవరో బాలమ్మ పేరు పిలిచారు.  సుంకన్న నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఒక గుక్క తాగి, కొంగు సర్దుకుని, లోపలికి నడిచింది.